లేత పాకం చలిమిడి

విమానాశ్రయంలో భద్రతా తనిఖీ వరుస మా వంటింటి పొయ్యి దగ్గర నుంచే మొదలవుతోంది. నా ముందున్న వాళ్ళు అప్పటికే హాలు దాటి, మెట్లు దిగి, వీధిలోకి వెళ్ళిపోయారు. నేను ఇంకా బెల్లం పాకం కలుపుతున్నాను.

నా వెనక శేషగిరిగారు గ్రైండరుకి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఆయన్ని ఇదివరకు ఎప్పుడూ చూడలేదు. పేరు ఆయనే చెప్పారు, బీమా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యానని కూడా చెప్పారు. వంటింట్లోకి చెప్పులతో రాకూడదని తెలిసిన మనిషి కాబట్టి బూట్లు విప్పి చంకలో పెట్టుకున్నారు. పాకం తీగ సాగుతోందా అని మర్యాదగా అడుగుతారు. లేతగా ఉండగానే దించేస్తానని చెబుతాను. వరుస ఒక అడుగు కదులుతుంది. గిన్నె, గరిటె, పొయ్యి, నేను ఫ్రిజ్ దగ్గరికి జరుగుతాం.

ఈ చలిమిడి మా చెల్లెలు హైమ కోసం. అది పుణెలో ఉంటుంది. ఇప్పుడు ఏడో నెల. కడుపుతో ఉన్న పిల్లకి పుట్టింటివాళ్ళు చలిమిడి తెచ్చి ఒళ్ళో పెడితే కడుపు చల్లగా ఉంటుందని మా వైపు పట్టింపు. అమ్మ లేదు కాబట్టి పుట్టిల్లంటే ఇప్పుడు నేనే.

ఇంతకుముందు రెండుసార్లు హైమకి కడుపు నిలవలేదు. ఆ రెండుసార్లూ మా మేనత్త పాకం బాగా ముదరబెట్టి, రాయిలాంటి చలిమిడి చేసి, సూట్‌కేసులో సర్ది పంపించింది. అది ఎవరెవరి చేతులు మారిందో, ఏ నేల మీద ఎన్నిసార్లు పడిందో ఎవరికీ తెలియదు. మా ఇంటి పద్ధతిలో చలిమిడి పుట్టింటి చేతుల్లోంచి నేరుగా ఒడిలోకే దిగాలి. దారిలో కింద పెట్టకూడదు, పరాయి చేతికి ఇవ్వకూడదు. అందుకే ఈసారి నేనే చేత్తో పట్టుకుని వెళ్తున్నాను.

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ నిన్నటి నుంచి లోపల బిడ్డ కదలడం లేదని హైమ ఫోన్‌లో చెప్పింది. గుండె బాగానే కొట్టుకుంటోందని, కంగారు పడొద్దని డాక్టరమ్మ అందట. "చలిమిడి తీసుకురా అక్కా, అది వస్తే కదులుతాడు" అంది హైమ. ఆ గొంతు విన్నాక నా నమ్మకాలతో ఎవరికీ పని లేకుండా పోయింది. నాకు భయం వేసింది, వెళ్ళి బియ్యం నానబోశాను.

పాకంలో తడిపిండి పోసి, నెయ్యి, యాలకుల పొడి, కొబ్బరి ముక్కలు వేసి కలిపి, కొత్త జాకెట్టు ముక్కలో మూట కడతాను. రెండు చేతులతో ఎత్తి పట్టుకునేసరికి వరుస నన్ను వీధి గుమ్మం దాటించేస్తుంది. తలుపు వేయడానికి చేతులు ఖాళీ లేవు. వేయక్కర్లేదని, ఇంకా చాలామంది లోపలికి రావాల్సి ఉందని శేషగిరిగారు అంటారు. నిజమే. పెరటి గుమ్మంలోంచి జనం పెట్టెలు లాక్కుంటూ వస్తూనే ఉన్నారు. ఒకావిడ వస్తూ వస్తూ పొయ్యి కట్టేస్తుంది. నేను మర్చిపోయాను కాబట్టి ఆవిడకి తలూపి థాంక్స్ చెబుతాను.

వరుస మా వీధి దాటి, బస్టాండులోంచి, వరిచేల గట్ల మీదుగా సాగి, విమానాశ్రయం గాజు తలుపుల్లోకి వెళ్తోంది. ఒక్కో అడుగుకి ఒక్కో ఊరు వెనకబడుతోంది. కాళ్ళకి శ్రమ లేదు, చేతులే లాగుతున్నాయి. ఇంట్లో ఉన్నప్పటి కంటే మూట బరువెక్కింది. మోసినకొద్దీ బరువెక్కడం మంచిదేనని, ఈ నెలల్లో అలాగే ఉండాలని నా ముందున్నావిడ వెనక్కి తిరగకుండానే చెబుతుంది.

తనిఖీ బల్ల దగ్గర ఖాకీ బట్టల్లో ఒక అమ్మాయి ఉంది. జేబు మీద నూకరత్నం అని పేరు రాసి ఉంది. ఆమె మొహంలో విసుగూ లేదు, నవ్వూ లేదు. ట్రేలో మూట పెట్టమంటుంది. పెట్టకూడదని చెబుతాను. అయితే కాస్త పక్కన నిలబడమని, ఈలోగా శేషగిరిగారి సంగతి చూస్తానని అంటుంది.

శేషగిరిగారు తాళాలు, ఫోను, కళ్ళజోడు ట్రేలో పెడతారు. తర్వాత కోటు లోపలి జేబులోంచి తమ్ముడి మీద కోపం తీసి జాగ్రత్తగా వాటి పక్కన పెడతారు. సన్నగా, పొడుగ్గా, చివర పదునుగా ఉంది. నూకరత్నం నాలుగు వేళ్ళు ఆనించి కొలుస్తుంది. బెత్తెడు దాటినవి లోపలికి తీసుకెళ్ళకూడదు, ఇది మూరెడు ఉంది. ఉమ్మడి గోడ తగువు నాటి నుంచి ఇది తనతోనే ఉందని, ఇంతవరకు ఒక్కరినీ గుచ్చలేదని ఆయన నచ్చజెప్పబోతారు.

"మిమ్మల్నే గుచ్చీసింది కదండీ, జేబంతా సిరిగిపోనాది" అంటుంది నూకరత్నం.

శేషగిరిగారు జేబు చూసుకుంటారు. కోపాన్ని మోకాలి మీద పెట్టి విరిచి, పెద్ద ముక్క బుట్టలో పడేసి, చిన్న ముక్క ఉంచుకుంటారు. అది అనుమతించిన కొలతలోనే ఉంది. ఆయన తనిఖీ దాటి వెళ్తుంటే ఒక పక్కకి కొంచెం ఒరిగిపోతున్నారు, ఇన్నేళ్ళ బరువు ఒక్కసారి తగ్గింది మరి.

ఇప్పుడు నా వంతు.

"ఏటమ్మా అది? గట్టిదా, నీళ్లదా?"

నేను ఆలోచించి నిజమే చెబుతాను. చేతిలో ఉన్నంతసేపు గట్టిది, కింద పెడితే గిన్నె ఎలా ఉంటే అలా సర్దుకుంటుంది. గిన్నెని బట్టి సర్దుకునేదాన్ని తమ రూల్లో నీళ్లదనే అంటారని ఆమె చెబుతుంది. అయినా ముందు నన్ను తనిఖీ చెయ్యాలి, చేతులు చాపి నిలబడాలి. చేతులు చాపితే మూట కింద పడుతుంది. మూట పట్టుకుంటే తనిఖీ కాదు. తనిఖీ కాకపోతే విమానం ఎక్కనివ్వరు. ఇందులో తప్పు ఎవరిదీ కాదని ఇద్దరం ఒప్పుకుంటాం.

"మీ పుట్టింటోలు ఇంకెవులూ నేరా, పట్టుకోడానికి?"

హైమ, నేను అంతేనని చెబుతాను.

"అయితే ఒకలు తక్కువైనారు" అంటుంది నూకరత్నం. టోపీ తీసి బల్ల మీద పెడుతుంది. మా ఇల్లు ఈ వరుసలోనే ఉందా అని అడుగుతుంది. మొదట్లోనే ఉందని, తలుపు తీసే ఉందని చెబుతాను. ఇప్పుడే వచ్చేస్తానని చెప్పి, జనాన్ని ఒరుసుకుంటూ మా వంటింటి వైపు నడుచుకుంటూ వెళ్ళిపోతుంది.

నేను నిలబడి తనిఖీ యంత్రం తెర చూస్తున్నాను. ఎవరూ ఏమీ పెట్టకపోయినా యంత్రం లోపల సొరంగం పొడుగవుతోంది. అటు కొస హైమ పడకగది. డాక్టరమ్మ చెప్పినట్టే హైమ మంచం మీద ఎడమవైపు తిరిగి పడుకుని ఉంది. ఎముకలు నీలంగా, గాజులు నల్లగా కనిపిస్తున్నాయి. పొట్టలో ముడుచుకున్న చిన్న ఆకారం నారింజరంగులో ఉంది, కదలడం లేదు. తెర ముందు కూర్చున్నతన్ని అడుగుతాను. నిద్రపోతూ ఉండొచ్చు, లేదా ఏదో వింటూ ఉండొచ్చు, తెర మీద రెండూ ఒకేలా ఉంటాయని అతను అంటాడు. మూడోది ఏదైనా ఉంటే అతను చెప్పడం లేదు, నేను అడగడం లేదు. పుణె విమానానికి ఇదే ఆఖరి పిలుపని మైకులో వినిపిస్తుంది.

నూకరత్నం తిరిగి వచ్చేసరికి మా ఇంట్లో పుట్టి పెరిగి వస్తుంది. మా నూతి గట్టు మీద పడ్డప్పటి మచ్చ గడ్డం కింద ఉంది. చెవులు నా వాటిలాగే కాస్త వంకరగా కుట్టి ఉన్నాయి. నాకూ హైమకీ మధ్యది. మనిషి అలిసిపోయింది, అంత పెరగడం చిన్న పని కాదు.

"అక్కా, ఇలా ఇయ్యవే" అని చేతులు చాపుతుంది. మాట కూడా మా ఇంటి మాటే అయిపోయింది.

మూట ఇవ్వకుండా, అమ్మ ఎలా ఉందని అడుగుతాను.

"బానే ఉంది. జడకి నూనె రాసుకోవటం మానేశావంట, తిడతంది."

నాకు ఏడుపొస్తుంది. అసూయగా కూడా ఉంది. అమ్మ పోయాక ఇన్నేళ్ళు ఆ ఇంట్లోనే ఉండి, ఆ పొయ్యి దగ్గరే నిలబడి, నేను అమ్మని ఒక్కసారి కూడా చూడలేకపోయాను. ఇది నిన్నగాక మొన్న, కాదు, ఇప్పుడే పుట్టి, అమ్మ తిట్లు మూటగట్టుకుని వచ్చింది. మూట దాని చేతుల్లో పెడతాను. దాని అరచేతులు మూటని పట్టుకున్న తీరు చూస్తే ఇంక అనుమానం లేదు, మా ఇంటి పిల్లే.

నేను చేతులు చాపి నిలబడతాను. ఇంకో ఉద్యోగిని నా చుట్టూ కర్ర లాంటి పరికరం తిప్పుతుంది. గుండె దగ్గర మాత్రం కుయ్యిమంటుంది. అది భయమేనని చెబుతాను. సంచీలో ఉంటే తీసేయాల్సిందేనని, ఒంట్లో ఉంటే పరవాలేదని చెప్పి ఆమె నన్ను వదిలేస్తుంది.

నూకరత్నం మూటని బొటనవేలితో నొక్కి చూస్తుంది. గుంట పడుతుంది, నెమ్మదిగా పూడిపోతుంది.

"లేత పాకమే పట్టావు" అంటుంది.

అమ్మ అలాగే పట్టేదని, ముదిరితే కాన్పు కష్టమవుతుందనేదని గుర్తు చేస్తాను. తనకి తెలుసంటుంది, అమ్మ పాకం దించుతుంటే పక్కనే ఉండి చూశానంటుంది.

"అందుకే ఇది విమానం ఎక్కదక్కా. మెత్తగా ఉంది. గట్టిదని నేనెలా చెప్పను?"

మా ఇంటి పిల్లవై ఉండి ఈ మాత్రం చెప్పలేవా అని అడుగుతాను. మా ఇంటి పిల్ల కాబట్టే చెప్పలేనంటుంది, చలిమిడి చేతిలో పెట్టుకుని ఎవరైనా అబద్ధమాడతారా అంటుంది. నాకు ఒళ్ళు మండిపోతుంది. ఇందాక పుట్టింది, అప్పుడే నాకు బుద్ధులు చెబుతోంది. ఒక్క పూటకి చెల్లెలైన దాని కంటే చిన్నప్పటి నుంచీ నేనెత్తుకు తిరిగినది నాకు ముఖ్యమని మొహం మీదే అనేస్తాను. అన్నాక బాధగా ఉంది. అదేమీ అనుకోదు. గాజు గోడలోంచి పుణె విమానం మెట్లు తీసేయడం ఇద్దరం చూస్తాం.

"ఇది అటెళ్ళకూడదు గానీ, మనిషి ఇటు రాకూడదని ఏ రూలూ లేదు కదే" అంటుంది నూకరత్నం.

మూట నా చేతుల్లో పెట్టి, బల్ల కింద మీట వెనక్కి తిప్పుతుంది. బెల్టు అటునుంచి ఇటు నడవడం మొదలవుతుంది. తనిఖీ అయిపోయిన సంచీలు, టిఫిన్ డబ్బాలు, ఒక పెళ్ళికొడుకు తలపాగా తిరిగి వచ్చేస్తాయి. ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఎవరి సామాను వాళ్ళు తీసుకుని ఒళ్ళో పెట్టుకుంటారు. తర్వాత సొరంగంలోంచి చల్లటి గాలి వస్తుంది. రబ్బరు రెక్కలు పైకి లేస్తాయి. ముందు పాదాలు, తర్వాత చీర కుచ్చిళ్ళు, ఎడమవైపు తిరిగి పడుకున్న మా హైమ, మంచంతో సహా బయటికి వస్తుంది. పుణె ఫ్యాను గాలికి దాని ముంగురులు ఇంకా ఎగురుతున్నాయి.

"వచ్చావా అక్కా" అంటుంది, వచ్చింది నేనే అన్నట్టు. నూకరత్నాన్ని చూసి, "చిన్నక్కా, నీకు సెలవిచ్చారా?" అని అడుగుతుంది. ఇవ్వలేదని, డ్యూటీలోనే ఉన్నానని అది చెబుతుంది.

హైమ లేచి బాసింపట్టు వేసుకుని కూర్చుని, కొంగు పరుస్తుంది. దాని కళ్ళ కింద నల్లగా ఉంది. రాత్రంతా పడుకోలేదని తెలుస్తోంది. నేను, నూకరత్నం చెరో వైపు పట్టుకుని మూటని దాని ఒళ్ళోకి దించుతాం. చలిమిడి ఒడిని బట్టి సర్దుకుంటుంది, మడతల్లోకి, పొట్ట కింది వంపులోకి, ఎక్కడా సందు లేకుండా.

ఏమీ జరగదు.

హైమ నా మొహంలోకి చూస్తోంది. నేను ఏదో ఒకటి చెప్పాలి. వరుసలో ఉన్నవాళ్ళందరూ, వంటింటి దాకా, దగ్గడం కూడా మానేసి నిలబడ్డారు. పరాయివాళ్ళ బిడ్డ కోసం ఇంతమంది ఊపిరి బిగబట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఈ నిమిషంలో నాకు అన్నిటి మీదా నమ్మకం ఉంది, పాకం మీద, పిండి మీద, జాకెట్టు ముక్క మీద.

అప్పుడు హైమ ఒళ్ళోంచి చల్లదనం బయలుదేరుతుంది. ముందు నా వేళ్ళకి తగులుతుంది, తర్వాత ఇనుప బల్లకి, తర్వాత గాజు గోడకి. బయట రన్‌వే మీద మిటమిటలాడుతున్న ఎండ వేడి అణగిపోతుంది. దానికోసమే చూస్తున్నట్టు విమానాలన్నీ చక్రాలు ముడుచుకుని, రెక్కలు ఒంటికి చేర్చుకుని, ఒకదాని తర్వాత ఒకటి ఎడమవైపు తిరిగి పడుకుంటాయి. ప్రయాణికులు తొందరపడవద్దని మైకులో గొంతు బాగా తగ్గించి చెబుతున్నారు.

హైమ నా మణికట్టు పట్టుకుని, అరచేతిని తన పక్కటెముకల కింద ఆనిస్తుంది. ఇద్దరం కళ్ళార్పకుండా ఉంటాం. చేతి కింద ఒక పోటు, గట్టిగా, కోపంగా, నిద్ర చెడగొట్టినవాళ్ళని తన్నినట్టు. హైమ నా చేతిని ఇంకా గట్టిగా అదుముకుంటుంది.

గాజు గోడ అవతల, అన్నిటికంటే దగ్గరగా పడుకున్న విమానం తెల్లటి పొట్ట మీద, తలుపంత మడమ ఒకటి లోపలినుంచి పొడుచుకొస్తుంది, మెల్లగా పక్కకి జరుగుతుంది, మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది.