మోచేతులు చూడకుండా

పాత ఉన్ని స్వెటర్లతో టోపీలు కుడతాను. ముందు వాటిని మరిగే నీళ్ళలో వేసి కర్రతో తిప్పాలి. ఉన్ని ముడుచుకుపోయి దళసరిగా గట్టిపడుతుంది, ఇక కత్తిరించినా పోగు ఊడదు. అరిగిన చోట మాత్రం సరిగా బిగియదు. అందుకే నీళ్ళలో వేసేముందు ప్రతి స్వెటర్‌నీ కిటికీ దగ్గర పట్టుకుని మోచేతులు చూస్తాను. పదకొండేళ్ళలో ఆ పని ఒక్కసారే మానాను.

ఆ పొద్దున మా ఆయన అక్క, అంటే మా వదిన, గుమ్మంలో ఒక సంచి పెట్టింది. "నీకు పాతవి తెచ్చానే. సాయంత్రం వచ్చి మాట్లాడతా," అని బస్సుకి పరిగెత్తింది.

విప్పితే అన్నిటికంటే పైన నేనల్లిన స్వెటర్. ఆవిడ చెయ్యి విరిగిన ఏడాది, కట్టు మీద నుంచి పట్టేలా ఎడమ చెయ్యి వదులుగా పెట్టి, మూడు నెలలు కూర్చుని అల్లాను.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏమిచ్చినా "బావుందిలే" అని మడిచి పక్కన పెట్టే మనిషి. మెచ్చుకుంటే నోటి ముత్యాలు రాలిపోతాయి కాబోలు. ఇప్పుడు ఏకంగా పాతబట్టల్లో కలిపేసింది.

"సాయంత్రం వస్తుందిగా, అడుగు," అన్నారు మా ఆయన.

"అడిగేదేముంది, కళ్ళకి కనబడుతుంటే."

ఎత్తి నీళ్ళలో పడేశాను. కావలసినదానికంటే గట్టిగానే తిప్పాను. చెయ్యి నొప్పి పుట్టినా ఆపలేదు.

సాయంత్రం వదిన వచ్చేసరికి అది తీగ మీద ఆరుతోంది. అయిదేళ్ళ పిల్లకి సరిపోతుంది. ఆవిడ దాని మోచెయ్యి తిప్పి చూసింది. అప్పుడు కనబడ్డాయి నాకు, ఒకదాని మీద ఒకటి వేసిన రఫూలు. ఒకటి ఎర్ర దారంతో, ఒకటి పచ్చ దారంతో, అన్నీ వంకరటింకరే.

"అదొక్కటీ టోపీలకి కాదే," అంది. "నా రఫూ నిలవట్లేదు. చలి ముదిరేలోగా నువ్వు బాగుచేస్తావని పైన పెట్టాను."

"పొద్దున్నే ఆ ముక్క చెప్పొచ్చుగా మీరు?" తప్పు నాలో పెట్టుకుని ఆవిడ మీదే అరిచాను.

"రోజూ తొడిగి చింపేశానంటే తిడతావని, తీరిగ్గా చెబుదామనుకున్నా."

తిరిగి ఒక్క మాట అని ఉంటే బావుండేది. ఆ స్వెటర్ చేతిలోకి తన చెయ్యి దూర్చబోయింది. మణికట్టు దగ్గరే ఇరుక్కుంది.

"లాగకండి వదినా," అన్నాను.

ఆవిడ ఇంకా లాగుతూనే ఉంది.