మైనం పోసిన గిటారు

గుణదల చర్చి కొండ కింద ఏరుకొచ్చిన కొవ్వొత్తి ముక్కలు డబ్బాలో కరిగాయి. ఆ మైనాన్ని నవాబు హవాయి గిటారులో, తీగల మోతని పట్టి స్పీకరుకి పంపే తీగచుట్టలో చుక్కచుక్కగా పోశాడు. మైకులు, యాంప్లిఫయర్లు బాగుచేస్తూనే అతని జుట్టు నెరిసింది. గోలచేసే తీగచుట్టకి మైనం పొయ్యడం చేతికి అలవాటైపోయిన పని.

ఒళ్ళో పడుకోబెట్టి వాయించే పాతకాలపు కరెంటు గిటారు అది. వార్నిషు పెచ్చులు లేచింది, మరలు తుప్పుపట్టాయి. అడుగుభాగం మాత్రం ఎవరి తొడల మీదో ఏళ్ళ తరబడి ఒరుసుకుని నున్నగా మెరుస్తోంది. తెగిన వైరు అతికించి స్విచ్చి వేస్తే, నవాబు దగ్గిన దగ్గు స్పీకర్లోంచి వినబడింది. "ఓర్నీ, దీనికి చెవులు కూడానా!" అనుకుని, అది జబ్బేనని ఈ మైనం పోసి మూసేశాడు.

అంతలో గిటారు తెచ్చిచ్చిన శౌరమ్మ కొట్టుకి వచ్చింది. ఆర్కెస్ట్రాలో వాయించిన ఆమె భర్త పోయి ఏడాది. నవాబు మీటి చూపించాడు. ఏ గురగురా లేకుండా తేటగా పలికింది. ఆమె తీగల మీదికి వంగి పిలిచింది.

"ఏవండీ, అన్నం చల్లారిపోతోంది."

స్పీకరు పలకలేదు.

"ఆయన వాయిస్తుంటే నే కేకేసేదాన్ని. పెట్టెలోంచి నా గొంతే వచ్చేదయ్యా. 'నీతోపాటు గిటారు కూడా పిలుస్తోందే' అని నవ్వుకుంటా లేచొచ్చేవాడు. ఆ పిలుపు కోసమే తెచ్చా. పోయిందా?"

నవాబు మైనం డబ్బాని కాలితో బల్ల కిందికి తోశాడు. "ఏం లేదమ్మా, వైరు వదులైందంతే. సాయంత్రం రండి," అని నోటికొచ్చిన అబద్ధం చెప్పేశాడు.

ఇక ఆ రోజంతా బల్బు వేడి చూపిస్తూ, కరిగిన మైనాన్ని దూదితో అద్దుతూ కూర్చున్నాడు. లోపలి తీగ వెంట్రుకంత సన్నం, తెగితే అంతే సంగతులు. భార్య దిల్షాద్ కట్టిచ్చిన క్యారేజీ మూత కూడా తియ్యలేదు. ఒక ఇంటి పిలుపుని తన చేతులతోనే నులిమేసినట్టు భయం పట్టుకుంది.

పొద్దువాలాక దగ్గి చూశాడు. స్పీకరూ దగ్గింది. "యా అల్లా!" అని కళ్ళు తుడుచుకుని శౌరమ్మకు ఫోన్ చేశాడు. ఆమె మేనల్లుడు సిద్ధార్థ ఎత్తాడు.

"అత్త పోయిందండీ. మధ్యాహ్నం కంచంలో అన్నం పెట్టుకుని, తినకుండానే ఒరిగిపోయింది. పొద్దుట్నుంచీ గిటారు గిటారు అంటానే ఉందండీ."

నవాబు ఫోన్ పెట్టేశాడు. తర్వాత తీగల మీదికి వంగి, "బాగైందమ్మా, రండి," అన్నాడు. అదే మాట స్పీకర్లోంచి గరగరగా వచ్చింది. స్విచ్చి ఆర్పడానికి చెయ్యి రాలేదు. తినని క్యారేజీ పట్టుకుని, షట్టరు దించేసి వెళ్ళిపోయాడు.

లోపల బల్ల మీద గిటారు, వీధిలో ఎవరు ఎవర్ని పిలిచినా సన్నగా పలుకుతూనే ఉంది.