అంకినీడు కారుకు కొత్త హెడర్

సామ్రాజ్యం చెప్పకుండా చచ్చిపోయింది. తప్పు ఆమెదే. శవం లేవకముందే అంకినీడు ఈ మాట తేల్చేశాడు. వచ్చినవాళ్ళంతా తలూపి ఒప్పుకున్నారు. గుండెనొప్పి ఉన్న మనిషి కట్టుకున్నవాడికి చెప్పొద్దా? చెబితే ఆసుపత్రికి తీసుకుపోడా, ఇంట్లో కారు పెట్టుకుని?

ఇవాళ పొద్దున కారు స్టార్టు చేస్తే పొగ రావడం లేదు. ఇంజను పక్క నుంచి సామ్రాజ్యం మాట వస్తోంది.

"ఏమండీ, ఎడం చెయ్యి లాగేస్తోందండీ. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది."

తాళం తిప్పి ఆపేస్తాడు. మాట ఆగుతుంది. మళ్ళీ తిప్పుతాడు. అదే మాట, అదే మెత్తదనం. పోయిన రోజు ఎవరిదో పెళ్ళికి ఈ కారులోనే వెళ్తూ ఆమె కట్టుకున్న పట్టుచీర గరగర కూడా వినిపిస్తోంది.

బానెట్ ఎత్తి చూస్తాడు. అనుకున్నంతా అయింది. మేనిఫోల్డు పగిలింది. ఇంజనులోని పొగనంతా పోగుచేసి వెనక సైలెన్సర్‌కు పంపే పోతఇనుప గొట్టమది. పగులు వెంట్రుకంత. అద్దాలెత్తుకుని కారులో మాట్లాడిన మాటలు బయట పడకుండా ఆపేది ఈ గొట్టమేనని కారున్న ప్రతివాడికీ తెలుసు. ఆ సంగతి ఎవరూ పైకి అనరు.

మధ్యాహ్నం కోటేశ్వరమ్మ వస్తుంది. సామ్రాజ్యానికి అక్క. ఒంగోలు కంటాసుపత్రికి కారులో తీసుకెళ్తానని అంకినీడు మాటిచ్చాడు. "మా చెల్లెలు నిజంగా నీకు చెప్పలేదా?" అని ఇంకా అడుగుతున్నది లోకంలో ఆమె ఒక్కతే. అడిగినప్పుడల్లా అంకినీడు చెప్పలేదనే అంటున్నాడు. ఆమె వచ్చేలోపు గొట్టం మారాలి.

పక్కింటి మస్తాన్ లారీ షెడ్డులో పనిచేస్తాడు. కొత్త హెడర్‌ను తడిగుడ్డలో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వస్తాడు. మేనిఫోల్డు బదులు బిగించేది ఇదే. కంపెనీ సరుకు కాదు, బయట చేసింది. నాలుగు స్టీలు గొట్టాలు వంపులు తిరిగి ఒక్క మూతిలో కలుస్తాయి.

"ఇది మోత ఎక్కువ చేసుద్ది బాబాయ్. కుర్రోళ్ళు షోకుకి బిగించుకుంటారు. ఈ వయసులో నీకెందుకంట?"

"నాలుగూ కలిసిపోతాయా లేదా?"

"కలుస్తయ్. ఏది ఎవరిదో తెలవదు."

"నాకదే కావాలి."

మస్తాన్ గుడ్డ తొలగించి గొట్టానికి చెవి ఆనిస్తాడు. "ఇంకా ఎవరి మాటా పడలేదు దీంట్లో. కాస్త మర్యాదగా మొదలెట్టు బాబాయ్."

అంకినీడు బ్యాటరీ వైరు తీస్తాడు. తుప్పు పట్టిన నట్ల మీద కిరసనాయిలు పోసి నాననిస్తాడు. పానా వేసి మొదటి నట్టు విప్పగానే ఎదురిల్లు ఒక అడుగు ముందుకు జరుగుతుంది. తలెత్తి చూసి మళ్ళీ వంగుతాడు. రెండో నట్టుకు మూలింటివాళ్ళ అరుగు రోడ్డు దాటుతుంది. పని తెలిసినవాడు ఇల్లు కదిలిందని పానా దించడు.

"నిదానంగా విప్పు బాబాయ్," అంటాడు మస్తాన్. "మా ఇంట్లో పొయ్యి మీద పాలున్నయ్."

చివరి నట్టు ఊడేసరికి వీధిలోని ఇళ్ళన్నీ కారు చుట్టూ చేరి, తలుపులు బార్లా తెరిచి, పడిపోయిన మనిషి మీదికి జనం వంగినట్టు వంగి ఉంటాయి. పాత మేనిఫోల్డు చేతిలోకి వస్తుంది. ఇంజను చల్లారి చాలాసేపైనా అది ఒళ్ళంత వెచ్చగా ఉంది. అంకినీడు దాన్ని గోనెసంచిలో చుట్టి, స్నానాలగదిలో పెట్టి గడియ వేస్తాడు.

అతుకులో అంటుకుపోయిన పాత రేకు గాస్కెట్‌ను గీకి, కొత్తది పెట్టి, హెడర్ ఎక్కిస్తాడు. సందు మిగలకుండా మధ్య నట్టు నుంచి బయటికి బిగించుకుంటూ వస్తాడు. ఎంత బిగించినా ఇళ్ళు వెనక్కి పోవు.

కోటేశ్వరమ్మ ఆటో దిగి మస్తాన్ వాళ్ళ వంటింట్లోంచి నడిచి వస్తుంది. కారు దగ్గరికి వేరే దారి లేదు.

"ఏమయ్యా అంకినీడూ, పోయింది నా చెల్లెలైతే నీ మొకం నల్లబడిందేంది?"

"మసి వదినా. కారు బాగుచేశా. ఎక్కు."

"ఎక్కుతాలే. ముందు దాన్ని పలికించు."

తాళం తిప్పుతాడు.

నాలుగు గొట్టాలూ కలిసే మూతిలోంచి సామ్రాజ్యం మాట దూకుతుంది. ఏదీ దేనితోనూ కలవలేదు. తుప్పు లేదు, మడ్డి లేదు, తేటగా ధార కట్టింది. "ఎడం చెయ్యి లాగేస్తోందండీ. కాసేపు ఎక్కడన్నా ఆపుతారా?"

"వచ్చింది, వచ్చింది!" అని కేకలేస్తూ ఆడవాళ్ళు ఇళ్ళలోంచి బిందెలతో పరుగెత్తుకొస్తారు.

"నెట్టమాకండే, అందరికీ వచ్చుద్ది."

"ఆ బిందె కడిగావా అసలు? ఆమె మాటమ్మా, చింతపండు పులుసు కాదు."

ఒకరి తర్వాత ఒకరు పట్టుకుంటారు. తొణక్కుండా మూత పెట్టి, చంకనెత్తుకుని పక్కకు జరుగుతారు. కోటేశ్వరమ్మ కూడా ఒకరి బిందె అందుకుని నింపుకుని, దాని పొట్టకు చెవి ఆనించి చాలాసేపు వింటుంది.

"చెప్పిందిగా," అంటుంది.

అంకినీడు పానా తుడుస్తుంటాడు.

"మరి నువ్వేమన్నావయ్యా?"

అంకినీడు తాళం వెనక్కి తిప్పుతాడు. ఇంజను ఆగదు. తాళం పీకి జేబులో వేసుకుంటాడు. ఆగదు. గొట్టం ఒకసారి గొంతు సవరించుకుంటుంది. ఈసారి వచ్చేది అంకినీడు గొంతు.

"సీటు కవరు నలుగుద్ది, సరిగ్గా కూర్చో."

ఆడవాళ్ళు బిందెలు లాగేసుకుంటారు. ఆ మాట కింద ఎవరూ బిందె పెట్టరు. నల్లగా, చిక్కగా నేల మీద పడుతుంది. నేల దాన్ని పీల్చుకోదు. ఇళ్ళు అరుగులు తడవకుండా కాస్త పైకెత్తుకుంటాయి. మాట అదే పనిగా కారుతోంది.

"మస్తానూ, ఒక బిందె ఇవ్వరా."

"మాయి తాగేనీళ్ళ బిందెలు బాబాయ్."

అంకినీడు మోకాళ్ళ మీద కూర్చుని దోసిలి పడతాడు. కాలుతుంది. దోసిలి నిండుతుంది. పారబోయడానికి చుట్టూ చోటు చూస్తాడు. ఎటు చూసినా పాదాలే. పసుపు పాదాలు, మెట్టెల పాదాలు, కోటేశ్వరమ్మ పగుళ్ళ పాదాలు. తల వంచి తాగేస్తాడు. మళ్ళీ పడతాడు, మళ్ళీ తాగుతాడు. నేల మీద పడ్డది కూడా నాకి శుభ్రం చేస్తాడు.

కారు ఆగిపోతుంది. అంకినీడు ఆగడు. లేచి నిలబడి, ఒళ్ళంతా సన్నగా అదురుతూ, ఉన్నచోటనే ఇంజనులా ఆడుతుంటాడు. ముక్కు రెండు రంధ్రాల్లోంచీ నీలంగా పొగ వస్తోంది.

"ఒక్కసారి నీ నోటితో అను," అంటుంది కోటేశ్వరమ్మ. "నాకు చెప్పిందని అను. చాలు, పోతా."

అంకినీడు పెదాలు బిగిస్తాడు, మధ్య నుంచి బయటికి. తల అడ్డంగా ఊపుతాడు. ఆమె అడిగినా, వీధి అడిగినా, చెప్పిందనీ అనడు, చెప్పలేదనీ ఇక అనడు.