చుక్కల్లేని సంజాయిషీ

సాయంత్రం ఐదింటిలోగా సంజాయిషీ డిపోలో ఇవ్వాలి. గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది. తమ్ముడు తెచ్చి బల్ల మీద పెట్టిన కాగితంలో పైన మొదలైన ఇంగ్లీషు వాక్యం పేజీ అంతా పాకి, చివర సంతకం అడ్డొస్తే తప్ప ఆగలేదు. మధ్యలో ఒక్క చుక్క లేదు.

అక్క కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది. మూడోసారి చదవడానికి ధైర్యం చాల్లేదు.

ఆమె ఆ ముందుగదిలోనే ఇంగ్లీషు ట్యూషన్లు చెబుతుంది. పిల్లలు ఆమెకు పెట్టిన పేరు చుక్కల టీచరు. వాక్యం చివర చుక్క పెట్టనివాళ్లకు పగలే చుక్కలు చూపిస్తుందని వాళ్ల గోల. ఇరవై రెండేళ్లుగా ఆమెది ఒకటే పాట. తెలుగులో అయితే లేచి, మొహం కడుక్కుని, ఇంత తిని, చెప్పులేసుకుని, బస్సెక్కి అంటూ ఎంత దూరమైనా పోవచ్చు, అడ్డుకునేవాళ్లు లేరు. ఆ అలవాటుతోనే ఇంగ్లీషులోకి దిగితే బోర్లా పడతాం. అక్కడ పని చేసినవాళ్లు ఒకరు, చేసిన పని ఒకటి తేలాయంటే వాక్యం నిండినట్టే. చుక్క పెట్టాలి, లేదంటే 'కానీ', 'కాబట్టి' లాంటి మాటతో ముడెయ్యాలి. రెండు నిండు వాక్యాలను పాపం ఉత్త కామా నెత్తిన పెడితే అది మొయ్యలేదు. ఇంత చెప్పే మనిషి ఇంట్లో ఇలాంటి కాగితం పుట్టిందంటే దీపం కింద చీకటి అనరూ మరి?

కానీ ఇవాళ వెక్కిరించే ఓపిక ఆమెకు లేదు.

తమ్ముడు సిటీ బస్సు డ్రైవరు. మొన్న ఉదయం మార్కెట్ స్టాపులో ఒక ముసలాయన మెట్టు మీద ఒక కాలు పెట్టాడో లేదో బస్సు కదిలింది. ఆయన రోడ్డు మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. కండక్టరు ఒకసారి గంట కొడితే బండి ఆపాలి, రెండుసార్లు కొడితే కదిలించాలి, అది రూలు. రెండుసార్లు మోగిందని తమ్ముడు చెప్పాడు. అసలు గంట తాడే ముట్టుకోలేదని కండక్టరమ్మ చెప్పింది. ఇద్దర్నీ ఇంటికి పంపి, ఎవరి సంజాయిషీ వాళ్లు ఇంగ్లీషులో రాసిమ్మంది పై ఆఫీసు. తప్పు ఎవరిదని తేలితే వాళ్ల ఉద్యోగం పోయినట్టే. తమ్ముడి ఉద్యోగం మీద మరదలు, ఇద్దరు పిల్లలు, ఈ ఇల్లు, అన్నీ ఆనుకుని ఉన్నాయి.

"రా, కూర్చో. విడగొడదాం," అంది అక్క. "ఒక్కో ముక్కకీ రెండే ప్రశ్నలు. ఎవరు? ఏం చేశారు?"

"అంత తీరిక లేదక్కా. స్పెల్లింగులు చూసిచ్చెయ్యి చాలు."

"ఇలా ఇస్తే చదివేవాడికి నువ్వేం చేశావో ముసలాయనేం చేశాడో అంతుపట్టదు. అడుసు తొక్కిన దారిలా ఉంది. చెప్పు. మొదట ఎవరు?"

"నేను. బండి ఆపాను."

"చుక్క." ఆమె ఎర్ర పెన్ను ఆనించింది. అది రాయలేదు. మొన్ననే సిరా అయిపోయింది. విసుక్కుని నల్ల పెన్ను తీసుకుంది. "తరవాత?"

"జనం దిగారు."

"చుక్క."

"గంట రెండుసార్లు మోగింది గేరు వేశాను..."

"ఆగాగు. గంట ఎవరు కొట్టారు?"

"మోగింది."

"దానంతటది మోగదు కదరా. కండక్టరమ్మ రెండుసార్లు కొట్టింది, అంతేనా? రాస్తున్నా."

తమ్ముడు చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అలా రాయొద్దు."

"మరెలా?"

"మోగిందని ఉంది కదా, అలాగే ఉంచు. కామా పెట్టి ముందుదాంతో కలిపెయ్యి. అక్కడ చుక్క పెట్టకు."

అక్క పెన్ను దించి వాడి మొహంలోకి చూసింది. ఆమె మొట్టమొదటి శిష్యుడు వీడే. ట్యూషను పిల్లలు రాకముందే, ఇదే గదిలో, చెవి మెలిపెట్టి వీడికి చుక్కలు నేర్పింది. పదో తరగతిలో వీడి ఇంగ్లీషు పేపరు చూసి హెడ్మాస్టరే మెచ్చుకున్నాడు. వీడికి చుక్క ఎక్కడ పెట్టాలో తెలియక కాదు. తెలిసే పెట్టలేదు.

కండక్టరమ్మ కొట్టకుండా రెండుసార్లు మోగిందేమిటి?

"గంట మోగినప్పుడు టైమెంత?"

తమ్ముడు కాగితం అంచు మడత పెట్టసాగాడు.

"టైమెంతరా?"

"డిపో కాగితంలో తొమ్మిదీ పది అని వేశారు."

తొమ్మిదీ పది. పొద్దుటి బ్యాచ్ తొమ్మిదికి వెళ్లిపోయింది. పుస్తకాలు దిద్దుతుంటే ఎర్ర పెన్ను ఆగిపోయింది. వచ్చేటప్పుడు పెన్నులు తెమ్మని చెప్పడానికి తమ్ముడికి ఫోన్ చేసింది. చేసిందంటే చేసినట్టూ కాదు. వాళ్లింట్లో దానికో లెక్కుంది. ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తే చేరానని. రెండు రింగులిచ్చి పెట్టేస్తే తొందరేం లేదు, తీరిక దొరికినప్పుడు చెయ్యమని. ఆగకుండా మోగితేనే ప్రమాదం. నిరుడు అక్క స్నానాలగదిలో జారిపడి మధ్యాహ్నం దాకా లేవలేకపోయింది. ఎన్నిసార్లు చేసినా తమ్ముడి ఫోన్ మోగలేదు. డ్యూటీలో ఫోన్ ఆపి పెట్టెలో పడెయ్యాలని రూలు మరి. ఆ రాత్రి ఆమే ఏడ్చి వాడిచేత ఒట్టు వేయించుకుంది, ఇకమీదట ఫోన్ ఆపనని. అప్పట్నుంచి అది డ్రైవరు సీటు పక్కనే ఉంటోంది. రెండు రింగుల లెక్క కూడా ఆమే పెట్టింది, బండి నడిపే మనిషిని మాటల్లోకి దింపకూడదని. జాగ్రత్త కోసం పెట్టిన లెక్కే అది.

"నీ ఫోన్ ఏదీ?"

"చార్జింగ్ లేదక్కా."

"ఇలా తే."

వాడు చొక్కా జేబులోంచి పాత బటన్ల ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. అక్క తన ఫోన్ తీసుకుని నొక్కింది. ట్రింగ్. ట్రింగ్. పెట్టేసింది. ఇన్నాళ్లూ ఆ చప్పుడు ఈ చివర్నుంచే విన్నది. కళ్లు మూసుకుని ఆ చివర్నుంచి వింటే అచ్చం బస్సు గంటే.

"నీకెప్పుడు తెలిసింది?" అంది అక్క.

"ముసలాయన్ని ఆస్పత్రిలో చేర్చాక. ఫోన్ తీసి చూసుకుంటే నీ మిస్డ్ కాల్ ఉంది." తమ్ముడు తల వంచుకునే చెప్పాడు. "ఒట్టక్కా, గేరు వేసేటప్పుడు గంటే అనుకున్నాను. అబద్ధం ఆడలేదు."

"తరవాత ఆడావు."

"నీకు తెలియకూడదనుకున్నాను."

అక్క గడియారం చూసింది. నాలుగూ ఐదు. ఒక పెన్ను అయిపోయినందుకు ఒక మనిషి తుంటి విరిగింది. పక్కవీధి కొట్టుకు నడిచి తెచ్చుకుంటే అరిగిపోయేదా తను? తమ్ముడి బతుకును తన చేత్తోనే రోడ్డున పడేసింది.

"రాస్తే ఏమవుతుంది?" అంది.

"డ్యూటీలో ఫోన్ అంటే ఇంకో మాట ఉండదు. ఉద్యోగం పోతుంది."

"రాయకపోతే?"

కండక్టరమ్మా తమ్ముడూ ఆరేళ్లుగా ఒకే బండి మీద ఉన్నారు. వాడు ఆమెను వదినా అనే పిలుస్తాడు. "నిన్న డిపో గేటు దగ్గర కనబడింది. తిడుతుందనుకున్నా. 'నేనే కొట్టానేమో తమ్ముడూ, కొట్టి మర్చిపోయానేమో, నిన్నట్నుంచీ నా చెయ్యి నాకే నమ్మకంగా లేదు' అంది. నాకు అక్కడే భూమిలోకి పోవాలనిపించింది."

అక్క తెల్లకాగితం ముందుకు లాక్కుంది. ఆమె సత్యసంధురాలేం కాదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. ముందు తమ్ముడు అడిగినట్టే రాసింది. జనం దిగారు, కామా, గంట మోగింది, కామా, బండి కదిలింది. ఎవరూ దేనికీ దొరకరు. ఇన్నేళ్లు ఎర్ర సిరాతో కొట్టేసిన తప్పు ఎంత హాయిగా ఉంటుందో ఆమెకు మొదటిసారి తెలిసింది. ఆ కామా వెనక మొత్తం కుటుంబం దాక్కోవచ్చు. కాకపోతే అక్కడ చోటు లేనిది ఒక్క మనిషికే. ఆ మనిషి ఈపాటికి ఎక్కడో తన చేతిని తనే అనుమానిస్తూ కూర్చుని ఉంటుంది.

కాగితం నలిపి కింద పడేసింది. ఇంకోటి తీసుకుంది.

"అక్కా, పోనీ ఎవరిదో ఫోన్ అని రాయి. నీ ఊసెందుకు?"

"ఎవరు, ఏం చేశారు. రెండూ ఉండాలి," అంది అక్క. ఏడుస్తూనే అంది.

ఒక్కో వాక్యం రాసింది. నేను బండి ఆపాను, చుక్క. జనం దిగారు, చుక్క. మా అక్క నాకు ఫోన్ చేసి రెండు రింగులు ఇచ్చింది, చుక్క. అది గంట అనుకుని నేను బండి కదిలించాను, చుక్క. కండక్టరు గంట కొట్టలేదు, చుక్క. మొత్తం పదకొండు వాక్యాలు అయ్యాయి. ఇంత శుభ్రమైన ఇంగ్లీషు ఆమె జన్మలో రాయలేదు.

తమ్ముడు చదివాడు. పెన్ను పట్టుకుని సంతకం చేసే చోట చాలాసేపు ఆగాడు. అక్క చెయ్యమనలేదు, వద్దనలేదు. చివరికి చేశాడు.

"పిల్లలకేం చెప్పాలక్కా?" అన్నాడు చెప్పులేసుకుంటూ.

"చేరగానే రింగివ్వు" అని మాత్రం అంది, అలవాటు కొద్దీ. అని నాలిక కరుచుకుంది.

నాలుగున్నరకి ట్యూషను పిల్లలు వచ్చారు. ఇవాళ చెప్పలేనని పంపేసింది. చుక్కల టీచరు సెలవివ్వడం ఎప్పుడూ చూడలేదేమో, వాళ్లు మెట్ల దగ్గర కాసేపు గుసగుసలాడి వెళ్లిపోయారు. ఆమె బల్ల ముందు ఫోన్ పెట్టుకుని కూర్చుంది. తమ్ముడు మధ్యలో మనసు మార్చుకుని కాగితం చింపేస్తే బాగుండునని అనుకుంది. మార్చుకోకుండా ఉంటే బాగుండునని అనుకుంది. దేవుడా, రెండింటికీ మొక్కుకుంది.

ఐదుకు ఆరు నిమిషాలుందనగా ఫోన్ మోగింది.

ట్రింగ్.

రెండో రింగు కోసం ఊపిరి బిగబట్టింది. రాలేదు. ఒక్కటే. చేరాడు, ఇచ్చేశాడు. పదిహేనేళ్లు బండి నడిపినవాడికి ఆ ఒక్క గంటకు ఇంకేం అర్థమో ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. బండి ఆపమని.

అక్క రెండు చేతుల్లో మొహం దాచుకుని, ఖాళీ గదిలో బిగ్గరగా ఏడ్చింది.