పెద్దోడి కోడికి నలత

"మా అక్క కోళ్లను ముట్టుకున్న ప్రభుత్వం మర్నాటికి ఉండదు!" అని, గొప్పలకు పోయి ఆ పేరే తెచ్చుకున్న బడాయి నడివీధిలో ప్రకటించాడు. అది నిన్న. ఈ పొద్దున అక్క కోళ్లన్నీ గోనెసంచిలో ఉన్నాయి. ప్రభుత్వం నిక్షేపంగా ఉంది. సంచి మూతి పట్టుకున్నది బడాయే.

కోళ్లకు అంటురోగం వచ్చింది, వీధి కోళ్లన్నిటినీ చంపమని ఉత్తర్వు. కోడిని ఒడుపుగా పట్టడం తెలిసినవాళ్లు కావాలి కదా, పశువైద్య శాఖ వాళ్లు ఊళ్లోని పెద్ద కోళ్ల షెడ్డు యజమాని దగ్గరి కూలీలకే, బడాయితో సహా, ముసుగుల తెల్ల సూట్లు తొడిగి దింపారు.

గుడ్లమ్ముకుని ఇల్లు నడుపుకునే అక్క వచ్చి వాడి ఎదురుగా నిలబడింది.

"ముసుగేసుకుంటే గుర్తుపట్టననుకున్నావురా?"

"నేను కాదక్కా."

"నువ్వు కాకపోతే అక్కా అన్నదెవర్రా?"

వాణ్ని వదిలి, శాఖ తరఫున వచ్చిన పశువుల డాక్టరమ్మ వైపు తిరిగింది.

"రోగముంటే చంపండమ్మా, అడ్డురాను. పిల్లలు తిరిగే వీధి. కానీ అది పుట్టింది యజమాని షెడ్డులో. అక్కడికి పోలేదేం?"

"ల్యాబ్ రిపోర్టు రావాలి."

"మా కోళ్లకు ఏ రిపోర్టు చూశారు? పేదోడి కోడికైతే రోగం, పెద్దోడి కోడికైతే నలతా?"

డాక్టరమ్మ తల వంచుకుని ఫోను చూసుకుంది. అంతలో షెడ్డు కాపలావాడు రొప్పుతూ వచ్చాడు. యజమాని కోళ్లను లారీకెక్కిస్తున్నాడట, రిపోర్టు వచ్చేలోపు ఊళ్లమీద అమ్మేస్తాడట.

కూలీలు సంచులు దించారు.

"మనకెందుకు? పని పోద్ది," అన్నాడొకడు.

"ఆ లారీ పోయిన ప్రతి వీధిలోనూ రేపు కోళ్ల మెడలు మీ చేతే విరిపిస్తార్రా!" అంది అక్క.

బడాయి అప్పటికే షెడ్డువైపు పరుగెత్తుతున్నాడు.

గేటుకు అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టి, గొంతు లావు చేసి అరిచాడు. "కేంద్రం నుంచి వచ్చాం! లారీ కదిలితే డ్రైవరును కూడా నిర్మూలించాల్సి వస్తుంది!"

డ్రైవరు కిందికి దూకిన వేగానికి లారీ కాస్త పైకి లేచింది.

"కూర్చోండి సార్, టీ తాగుతారా?" అన్నాడు యజమాని. ఇన్నేళ్లలో వాణ్ని "ఒరేయ్" అనకపోవడం అదే మొదలు. టీ కూడా తాగేవాడే, కానీ యజమాని చూపు వాడి కాళ్లమీద పడింది.

"కేంద్రంలో చెప్పులకు పిన్నీసులు పెట్టుకుంటారా సార్?"

యజమాని ఫోను చేయగానే పోలీసు జీపు వచ్చింది. ఎస్సై ముసుగు లాగాడు. గేటు బయట వీధంతా నిలబడి ఉంది, తెల్ల సూట్లన్నీ ముందు వరసలో.

"అవునండీ, అబద్ధం ఆడాను," అన్నాడు బడాయి. గొంతు పీలగా వచ్చింది. "చచ్చిన కోళ్లను షెడ్డు వెనక పాతిపెట్టింది కూడా నేనే. నోర్మూసుకోమంటే మూసుకున్నా. మా అక్క కోళ్లకు ఆ రోగం నా బట్టలమీదే ఇంటికొచ్చి ఉంటది."

అక్క కళ్లు మూసుకుంది.

"నేనూ పాతానండీ," అన్నాడొకడు. "నేనూ," ఇంకొకడు. పారలు అందుకుని షెడ్డు వెనక్కి నడిచారు. గొయ్యి తెరుచుకోగానే యజమాని మెల్లగా వెనక్కి జరిగాడు. డాక్టరమ్మ ముక్కు మూసుకుని లారీ తాళాలు అడిగింది.

అయినా ఎస్సై బడాయినే జీపెక్కించాడు. అక్క వెళ్లి జీపు ముందు బైఠాయించింది. ఆమె పక్కన కూలీలు, వాళ్ల వెనక వీధి.

"వీళ్లందర్నీ లేపింది నువ్వేనా?" ఎస్సై పళ్లు కొరికాడు.

బడాయి ఛాతీ విరిచాడు, మళ్లీ దించాడు.

"అవునని చెప్పుకోవాలని ప్రాణం లాగేస్తోందండీ," అన్నాడు. "కానీ కాదు. వాళ్లే లేచారు."