బాబాయి కలిపిన ముద్ద

ఆ ల్యాబులో బ్యాటరీ పూతలు కలిపే టెక్నీషియన్‌ని అందరూ బాబాయి అనేవారు. పెద్ద చదువు లేదు గానీ చేతిలో విద్య ఉంది. అదేదో నేర్పమని పరిశోధకురాలు అడిగినప్పుడల్లా, చెబితే వచ్చేదైతే ఈపాటికి నువ్వే నాకు నేర్పేదానివి అని నవ్వేవాడు.

వాళ్ళిద్దరి ఆరేళ్ళ కష్టమంతా సిలికాన్‌తోనే. అది లిథియంను గ్రాఫైట్ కన్నా ఎన్నో రెట్లు పట్టుకుంటుంది. కానీ ఛార్జి ఎక్కితే మూడింతలు ఉబ్బి, దిగితే పగిలి పొడైపోతుంది. అందుకని కంటికి ఆనని సిలికాన్ రేణువులను, ఉబ్బడానికి చోటున్న కార్బన్ గుల్లల్లో ఇమిడ్చి, ముద్దగా కలిపి రాగిరేకు మీద పూసేవారు. ఆ రేకులతో చేసిన సెల్స్ అరవైసార్లు ఛార్జి ఎక్కేసరికే చచ్చేవి. బాబాయి చివరిసారి కలిపిన ముద్దతో చేసిన పదకొండు మాత్రం తొమ్మిది వందలు దాటినా చెక్కుచెదరలేదు. ఆ లెక్క చూడకముందే ఆయన పక్షవాతంతో మంచాన పడ్డాడు.

మళ్ళీ చేసి చూపించమని డైరెక్టరు ఆమెకు మూడు నెలల గడువిచ్చాడు. బాబాయి నోటుబుక్కులో కొలతలన్నీ ఉన్నాయి. ఎంతసేపు కలపాలన్న చోట మాత్రం "కుదిరేదాకా" అని రాసి ఉంది. ముప్పైసార్లు కలిపింది. కుదరలేదు.

చివరికి సీసాలో ముద్ద పట్టుకుని ఆయన ఇంటికే వెళ్ళింది. ఆయన ఎడమచేతి వేళ్ళ మధ్య దాన్ని నలిపి మొహం చిట్లించాడు.

"నీళ్ళు ఎక్కువయ్యాయా బాబాయ్?"

"కాదు."

"ఇంకాసేపు కలపాలా?"

"కాదు."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పుస్తకం తీసి ఒక్కో అనుమానం అడుగుతూ, కొట్టేస్తూ పోయింది. జిగురు, వేడి, గిన్నె, మర వేగం. అన్నిటికీ కాదనే అన్నాడు.

గుమ్మంలో నిలబడి వింటున్న ఆయన భార్య ఇక ఆగలేకపోయింది.

"అమ్మా, ఆయనకి ఆ ఒక్క మాటే మిగిలింది. ఆకలేస్తోందా అన్నా అదే. నేనెవరో తెలుసా అన్నా అదే."

పరిశోధకురాలు పుస్తకం మూసి, ఆయన వేళ్ళకంటిన నలుపును తడిగుడ్డతో తుడిచింది. ఆయన ఆమె మణికట్టు పట్టుకుని వదల్లేదు. పెదవులు చాలాసేపు కదిలాయి. వచ్చింది మళ్ళీ ఆ మాటే.

గడువు చివరి వారంలో, లోపలేముందో చూద్దామని బాబాయి సెల్స్‌ను ఒక్కొక్కటే విప్పి మైక్రోస్కోపు కింద పెట్టారు. ఒక్క గుల్లా పగల్లేదు. ఎందుకు పగల్లేదో మాత్రం ఏ ఫోటోలోనూ తెలియలేదు. విప్పిన సెల్ మళ్ళీ పనిచేయదు. అయినా ఆఖరుగా మిగిలిన పదకొండోది విప్పుతుంటే వద్దనడానికి ఆమెకు కారణం దొరకలేదు.

గడువు తీరిన సోమవారం వాళ్ళు ముద్ద కలిపే గదిలోకి వేరే జట్టు సామాను దించింది. ఆమెను ఫోన్ బ్యాటరీలు పరీక్షించే విభాగానికి పంపారు.