పేరు రాసిన కుర్చీ

మసీదుకిచ్చిన ప్లాస్టిక్ కుర్చీ వెనక తెల్ల పెయింటుతో మా ఆయన సల్మాన్ పేరు నేనే రాయించాను. మసీదుకు ఫ్యానిచ్చినా, చాపిచ్చినా ఇచ్చినవాళ్ల పేరు రాయించడం మా మార్కాపురం వీధిలో మామూలే. గిద్దలూరు వాలీబాల్ టోర్నమెంటులో బంతి కోసం ఎగిరి పడ్డప్పుడు సల్మాన్ మోకాలి లిగమెంటు తెగింది. ఒంగోలులో ఆపరేషన్ అయ్యాక మోకాలు వంగక నమాజుకు కుర్చీ కావలసివచ్చింది. మసీదులో ఉన్న రెండూ ముసలివాళ్లకే చాలవు. అందుకని ఆయన పేరు మీద ఒకటిచ్చాను. మంచిపనే అనుకున్నాను.

అది జరిగి పది నెలలైంది. కాలు పూర్తిగా బాగైంది, పరుగెత్తొచ్చని డాక్టరు రెండుసార్లు చెప్పారు. అయినా ఆయన ఆ కుర్చీ వదల్లేదు. ఇరవై ఆరేళ్ల మనిషి వెనక వరసలో తాతల పక్కన కూర్చుని నమాజు చేస్తున్నారు. పలకల కార్ఖానాలో రాళ్లు మోసే పని మాని, కూర్చుని ఫ్రేములు బిగిస్తున్నారు. నిజం చెప్పాలంటే నాకదే నిమ్మళంగా ఉండేది. మళ్లీ పడితే పాపను పెట్టుకుని నేనేం కావాలి? ఆయన లేస్తే చాలు, "మెల్లగా, పడతారు" అనేదాన్ని. జట్టులో ఆయన స్నేహితుడు బాబావలి ఎప్పుడొచ్చినా, పడుకున్నారని వాకిట్లోనుంచే పంపేసేదాన్ని.

మొన్న ఆదివారం పొద్దున కూడా అదే చెప్పాను.

"ఏంది భాభీ, పొదిగే కోడి గూడా ఇన్ని దినాలు లేవకుండా ఉండదు!" అని నవ్వి బాబావలి వెళ్లిపోయాడు.

లోపల ఆయన నీళ్లకోసం మంచం మీదనుంచి లేచారు. ఏడాదిన్నర మా పాప ఇర్ఫానా చెయ్యి చాపి అచ్చం నాలాగే, "పప్పా, మెల్లదా! పత్తారు!" అంది.

ఆయన అట్లే మంచం మీద కూలబడ్డారు.

"కాలు నొస్తాందా?" అన్నాను.

"కాలు కాదు ఫిర్దౌస్. ఆ పొద్దు పడినప్పుడు మోకాల్లో టప్పుమని శబ్దమొచ్చింది. వంచబోతే చాలు, మళ్లా అదే వినపడతాది. అందరూ కాలెట్లుందని అడిగినోళ్లే. బాగైన కాలికి భయపడతాండానంటే నవ్వరా?"

"నాకన్నా చెప్పుండొచ్చు గదా."

"నువ్వేమో కుర్చీ మీద పేరు రాయించినావు. కింద కూర్చుందామని పోయినరోజు గూడా, సల్మాన్ కుర్చీ ఇదిగోనని పెద్దోళ్లు తెచ్చి వేస్తారు."

నాకు ఏడుపొచ్చింది. "బాబావలిని రానీకుండా పంపించేది నేనే. నాకు గూడా భయమే."

"తెలుసులే. కండ్లు మూసుకుని వింటా ఉంటి. నువ్వు పంపిస్తే ప్రాణం లేచొచ్చేది."

ఆ మాటకు నేను నిలవలేకపోయాను. చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాను. బాబావలి మలుపులో దుకాణం దగ్గరే ఉన్నాడు. లోపలికి పిలుచుకొచ్చాను. ఆయన ఆ శబ్దం సంగతంతా చెప్పారు. బాబావలి నవ్వలేదు. మంచం మీద ఆయన పక్కన కూర్చున్నాడు.

"నీకు ఆ బంతి ఎత్తి ఇచ్చింది నేనే గదరా. తర్వాత రెండు నెలలు భయమేసి ఎవరికీ ఎత్తుగా పాస్ ఇయ్యలేదు. ఆట మర్చిపోయినాడని తిట్టినారు. నేనూ చెప్పలే."

"మరి చెప్పవేందిరా!"

"మీ ఇంట్లో అడుగు పెట్టనిస్తే గదా!"

ఇద్దరూ నవ్వారు. నేను తల దించుకుని టీ పోశాను.

"రేపు గ్రౌండుకు రారా. ఆడొద్దు. ఊరికే కూర్చో."

"కూర్చున్నది చాల్లే. నిలబడి చూస్తా."

"అక్కడ భయమైతే?" అని నేను అడిగాను.

ఆయన బాబావలి వైపు చూశారు.

"వీనికి చెప్తా," అన్నారు.